మిషనరీ జీవిత కథనాలు: మెదక్ ప్రాంతం నేపథ్యంగా ఒక విమర్శ

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:

- మిషనరీ జీవిత కథనం అనే రచనా విధానం లక్షణాలను గుర్తించగలుగుతారు.
- ఒక కథనంలో కర్త ఎవరు, ఎవరి పని ఎవరి పేరున నమోదైంది అనే విషయాన్ని వాక్య నిర్మాణం ఆధారంగా పరిశీలించగలుగుతారు.
- మెదక్, ఒంగోలు, డోర్నకల్ ఉదాహరణలను పోల్చి చూపగలుగుతారు.
- ప్రశంస, ఆరోపణ రెండింటికీ దూరంగా ఉండి ఒక సేవాచరిత్రను విలువ కట్టగలుగుతారు.

7.1 పరిచయం

ఆత్మకథకూ, జీవిత చరిత్రకూ, యాత్రా రచనకూ వేరు వేరు లక్షణాలున్నాయి. ఈ మూడింటి లక్షణాలూ కలగలిసిన రచనా విధానం ఒకటుంది. అది మిషనరీ జీవిత కథనం. దూరదేశం నుంచి ఒక వ్యక్తి వస్తాడు. తెలియని భాష నేర్చుకుంటాడు. మారుమూల పల్లెల్లో ఉండి బడి, ఆసుపత్రి, ప్రార్థనా మందిరం ఏర్పాటు చేస్తాడు. ఆ అనుభవాన్ని ఆయనో, భార్యో, తోటి మిషనరీయో గ్రంథస్థం చేస్తారు. ఆ పుస్తకం ఆయన స్వదేశంలో అచ్చవుతుంది. విరాళాలిచ్చిన సంఘాల వారు దాన్ని చదువుతారు. అంటే ఏ ప్రజల గురించి పుస్తకం రాశారో ఆ ప్రజలు దాని పాఠకులు కారు. ఈ రచనలను విమర్శించేటప్పుడు ముందుగా గుర్తుంచుకోవలసిన విషయం ఇదే.

మీలో చాలామంది సంగారెడ్డి, పటాన్‌చెరు, జహీరాబాద్ ప్రాంతాల్లో ఉద్యోగం చేసుకుంటూ చదువుతున్నవారు. 2016లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు ఈ ప్రాంతమంతా మెదక్ జిల్లాయే. సంగారెడ్డి ఆ జిల్లా కేంద్రం. కాబట్టి మెదక్ చర్చి కథ మీకు కొత్తది కాదు. అయితే మనం విన్న కథను మళ్ళీ వినడం వేరు, ఆ కథను ఎలా చెప్పారో పరిశీలించడం వేరు. ఈ యూనిట్‌లో మనం చేయబోయేది రెండో పని.

7.2 "మారుమూల" అనే మాట

మిషనరీ కథనం సాధారణంగా ఒక ఖాళీ స్థలంతో మొదలవుతుంది. అడవి, బురద దారులు, జ్వరాలు, చీకటి. ఆ తరువాత ఒక మనిషి అడుగుపెడతాడు. వెలుగు వస్తుంది. చివరికి పంట చేతికొస్తుంది. చీకటి, విత్తనం, పంట అనే ఈ మూడు మెట్లు చాలా పుస్తకాల్లో కనిపిస్తాయి.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఎక్కడి నుంచి చూస్తే మారుమూల? లండన్ నుంచి చూస్తే మెదక్ మారుమూలే. కాని మెదక్ కొండమీద కాకతీయుల కాలం నాటి కోట ఉంది. కుతుబ్‌షాహీల పాలనలోనూ ఆ కోటకు ప్రాముఖ్యం ఉంది. పటాన్‌చెరు చాళుక్యుల కాలంలోనే పేరున్న పట్టణం, జైన కేంద్రం. మెదక్ అనే పేరు "మెతుకు" అనే మాట నుంచి వచ్చిందని స్థానికులు చెబుతారు. మెతుకుసీమ అని నేటికీ రాస్తున్నాం. అన్నం పేరు పెట్టుకున్న ఊరు ఖాళీ స్థలం కాదు. అక్కడ పాలన, వ్యాపారం, భక్తి, కులం, వెట్టి అన్నీ ముందే ఉన్నాయి. మిషనరీ వచ్చింది చరిత్ర లేని చోటికి కాదు, బరువైన చరిత్ర ఉన్న చోటికి.

ఫ్రాంక్ కోల్యర్ శాకెట్ హైదరాబాద్ వెస్లియన్ మిషన్‌లో పనిచేసిన వ్యక్తి. ఆయన పుస్తకాల్లో ఒకదాని పేరు "అవుట్ ఆఫ్ ది మైరీ క్లే". బురద ఊబిలోంచి పైకి అని దాని భావం. ఇది బైబిల్ కీర్తనల గ్రంథం 40వ అధ్యాయం నుంచి తీసుకున్న ఉపమ. కీర్తనలో ఊబిలోంచి పైకి వచ్చినవాడే స్వయంగా ఆ మాట చెప్పుకుంటాడు. పుస్తకం శీర్షికగా మారినప్పుడు ఆ మాట చెప్పేది గట్టుమీద నిలబడినవాడు. మాట అదే, చెప్పే నోరు మారింది. ఉపమలను పరిశీలించేటప్పుడు ఈ తేడాను గమనించండి.

7.3 మెదక్: మనిషి, మందిరం

చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో సికింద్రాబాద్ చేరుకున్నారు. మొదట తిరుమలగిరిలో బ్రిటిష్ సైనికుల మధ్య పనిచేశారు. అది తృప్తినివ్వక పల్లెల వైపు కదిలి 1896లో మెదక్ వచ్చారు. అప్పుడది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పాలనలోని ప్రాంతం. అంటే ఆయన బ్రిటిష్ వారి పరిపాలన నేరుగా లేని చోట పనిచేశారు.

మెదక్ చర్చి నిర్మాణం 1914లో మొదలై 1924లో ముగిసింది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. శైలి గోథిక్. నేలకు బ్రిటన్ నుంచి తెచ్చిన పలకలు పరిచారు. ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన రంగుటద్దాల కిటికీలు మూడింట్లో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం కనిపిస్తాయి. 1947 తరువాత ఇది దక్షిణ ఇండియా సంఘం మెదక్ అధ్యక్ష మండలానికి ప్రధాన దేవాలయమైంది.

ఈ నిర్మాణం చుట్టూ అల్లుకున్న కథ మీకు తెలుసు. కరువు వచ్చింది, జనం ఆకలితో అలమటించారు, పాస్నెట్ దానంగా అన్నం పెట్టకుండా పని చూపించి అన్నం పెట్టారు, ఆ పనిలోంచి చర్చి లేచింది. చార్మినార్ కంటే ఎత్తుగా కడుతున్నారని నిజాం అభ్యంతరం చెప్పాడన్న కథ కూడా జనం నోట ఉంది. రెండో కథ నిజమా కాదా అన్నది చరిత్రకారుల పని. విమర్శకుడికి కావలసింది ఆ కథ ఎందుకు నిలిచింది అన్నది. రాజధానిలోని కట్టడంతో తమ ఊరి కట్టడాన్ని పోల్చుకుని మెదక్ జనం గర్వపడ్డారు. ఆ గర్వంలో చర్చి మిషన్ వారిది కాదు, తమది. ఏ మతం వారైనా క్రిస్మస్ నాడు అక్కడికి వెళ్ళడంలో ఆ భావమే ఉంది.

7.4 "కట్టాడు", "కట్టించాడు"

ఇప్పుడు వాక్యాన్ని పరిశీలిద్దాం. ఇంగ్లీషులో పాస్నెట్ ఆ చర్చిని కట్టాడు అనే అర్థం వచ్చేలా రాస్తారు. తెలుగులో మనం అలా అనం. "పాస్నెట్ కట్టించాడు" అంటాం. వ్యాకరణంలో దీన్ని ప్రేరణార్థక క్రియ అంటారు. "ఇంచు" అనే ప్రత్యయం చేరగానే ఆ వాక్యంలోకి మరో చెయ్యి వస్తుంది. చేయించినవాడు ఒకడు, చేసినవాడు మరొకడు అని భాషే ఒప్పుకుంటుంది. అయితే ఆ రెండో వ్యక్తి పేరు చెప్పమని మాత్రం పట్టుబట్టదు. ఉన్నాడని చెబుతుంది, ఎవరో చెప్పదు.

శ్రీశ్రీ "దేశచరిత్రలు" కవితలో వేసిన ప్రశ్న ఈ ఖాళీ గురించే. మెదక్ విషయంలోనూ అదే ప్రశ్న వేయాలి. రాళ్ళు చెక్కినవారు, సున్నం కలిపినవారు, తట్టలు మోసిన ఆడవాళ్ళు ఎవరు? వారిలో ఎందరు క్రైస్తవులు, ఎందరు కారు? కూలి ఎంత, ఎన్ని మెతుకులు? "సొమ్మొకడిది సోకొకడిది" అన్న సామెతను ఇక్కడ నేరుగా వాడలేం. పాస్నెట్ ఆ పని కోసం తన జీవితాన్నే వెచ్చించారు. ఆయన కష్టాన్ని తక్కువ చేయనవసరం లేదు. అయితే ఒకరి కష్టం పుస్తకమై, వందలమంది కష్టం ఒక ప్రత్యయంగా మిగిలిపోవడం న్యాయం కాదు.

ఇంకొక విషయం గమనించండి. శాకెట్ రాసిన జీవిత చరిత్ర పేరు "పాస్నెట్ ఆఫ్ మెదక్". మిషనరీ సాహిత్యంలో ఇటువంటి శీర్షికలు మామూలే. "మకాయ్ ఆఫ్ ఉగాండా" కూడా ఈ కోవలోదే. మనిషి పేరుకు ఊరి పేరు తగిలిస్తారు. తెలుగువారికి ఇది ఇంటిపేరు లాంటిది. మన ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ళ పేర్లే. కాని మన సంప్రదాయంలో ఊరి పేరు ముందు వస్తుంది, మనిషి పేరు తరువాత వస్తుంది. ఊరు మనిషికి మూలం. ఆ శీర్షికల్లో మనిషి ముందు, ఊరు వెనుక. ఊరు మనిషికి గుర్తింపు చీటీ అవుతుంది.

జనం మాత్రం తెల్ల మిషనరీలను "దొర" అన్నారు. తెలంగాణలో దొర అంటే భూస్వామి. వెట్టి చేయించుకున్నవాడూ దొరే, బడి పెట్టినవాడూ దొరే. ఈ ఒక్క మాటలో పేదల లెక్క అంతా ఉంది. ఒక దొర అధికారాన్ని తట్టుకోవాలంటే మరో దొర అండ కావాలి. పుస్తకం "విశ్వాసం" అని రాసిన చోట పల్లె "అండ" అని చదువుకుని ఉండవచ్చు. రెండూ ఒకే మనసులో ఉండటానికి అడ్డేమీ లేదు.

7.5 ఒంగోలు: కరువు, సంఖ్యలు, పేరయ్య

కరువు, సేవ, మతం మూడూ కలిసిన మరో ప్రసిద్ధ ఉదాహరణ ఒంగోలు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో అక్కడ పని మొదలుపెట్టారు. ఆయన ఆత్మకథ "సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్" 1914లో వెలువడింది. ఆయన చెప్పిన విషయాలను భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గ్రంథస్థం చేశారు. మెదక్‌లో చర్చి పని మొదలైన సంవత్సరమే అది. ఒకటి రాతి స్మారకం, మరొకటి కాగితపు స్మారకం.

1876-78 నాటి మహా కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చారు. కరువు కాలంలో బాప్తిస్మం ఇవ్వడం మాత్రం ఆపివేశారు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదన్నది ఆయన జాగ్రత్త. కరువు సహాయం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఏడాది ముగిసేసరికి ఆ సంఖ్య 9,606కు చేరింది.

ఈ సంఖ్యలను రెండు విధాలుగా చదివారు. భక్తులు అద్భుతం అన్నారు. వ్యతిరేకులు గంజికి అమ్ముడుపోయారు అన్నారు. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి శత్రువుల్లా కనిపిస్తాయి. వాక్య నిర్మాణం చూస్తే రెండూ ఒకటే. మొదటిదానిలో మిషనరీ రక్షించాడు, రెండోదానిలో మిషనరీ ప్రలోభపెట్టాడు. రెండింటిలోనూ కర్త మిషనరీయే. జనం కర్మ స్థానంలోనే ఉన్నారు. ఆ 2,222 మంది ఆలోచించారనీ, ఇళ్ళలో వాదించుకున్నారనీ, లాభనష్టాలు బేరీజు వేసుకున్నారనీ ఏ వాక్యమూ చెప్పదు. ఈ యూనిట్ మొత్తంలో మీరు గుర్తుంచుకోవలసిన ప్రధాన వాదం ఇది.

ఆలోచించారనడానికి ఆధారం ఉందా? ఉంది. యర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు. క్లౌను కలవడానికి ముందే ఆయన యోగ మార్గంలో గురువుల వెంట తిరిగి సత్యాన్ని వెదికిన సాధకుడు. ఎమ్మా క్లౌ 1899లో ప్రచురించిన "వైల్ సోయింగ్ శాండల్స్" అనే గ్రంథం ఈ అన్వేషణకు చోటిచ్చింది. చెప్పులు కుట్టుకుంటూ అని ఆ శీర్షికకు అర్థం. ఆ శీర్షికలో క్రియ మాదిగలదే. ఒంగోలు ప్రాంతంలో క్రైస్తవం ఊరూరా పాకిందంటే పేరయ్య వంటివారు తమ బంధుత్వాల దారుల్లో నడిచి చెప్పడం వల్లనే. దారులు ముందే ఉన్నాయి, వార్త కొత్తది.

కొత్తగా చేరినవారు పాటించవలసిన నియమాలు కూడా పరిశీలించదగినవే. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. పట్నంలో ఉన్నవారికి ఇవి మతాచారాలుగా కనిపిస్తాయి. పల్లెలో ఇవి తిరుగుబాటు. ఆదివారం పని చేయనంటే ఊరిపెద్ద పిలుపును కాదనడమే. జాతరలో డప్పు కొట్టనంటే కులం అప్పగించిన పనిని కాదనడమే. అందుకు వారు దెబ్బలు, బహిష్కరణ భరించవలసి వచ్చింది. కూటి కోసం మారినవారే అయితే కూడు పోయే పరిస్థితిని ఎందుకు తెచ్చుకుంటారు? "అన్నం కోసం" అన్న ఒక్క మాటతో తేల్చేసేవారు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. "కేవలం విశ్వాసం" అనేవారు కూడా అవమానం, చదువు, భూమి, రక్షణ అనే అంశాలను పక్కకు నెట్టకూడదు.

7.6 రెండో వరుసలో నిలిచినవారు

1854 జనవరి 1న ఒంగోలు కొండమీద లైమన్ జ్యూయెట్ దంపతులు చేసిన ప్రార్థన మిషన్ చరిత్రలో చాలా ప్రసిద్ధం. ఆ రోజు కొండ ఎక్కినవారు ఐదుగురు. వారిలో నర్సు, జూలియా, రూతు తెలుగువారు. సగం కంటే ఎక్కువమంది మనవారే. అయినా ఆ కొండను తలచుకున్నప్పుడు మొదట జ్ఞాపకం వచ్చేది జ్యూయెట్ పేరే. కథనంలో స్థానికులు "సహాయకులు" అనే మాట కింద చేరిపోతారు. భాష నేర్పినది వారు. ఏ ఊళ్ళో ఎవరితో ఎలా మాట్లాడాలో చెప్పినది వారు. ఘోషాలో ఉన్న స్త్రీల దగ్గరకు వెళ్ళగలిగినది బైబిల్ స్త్రీలే.

వైద్యరంగంలో కూడా ఇదే. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రిని 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ స్థాపించారు. రోగిని ఇంట్లోవారే వెలివేసే కాలంలో ఒక స్త్రీ వైద్యురాలు వారి గాయాలు ముట్టుకుని కట్టు కట్టడం అసాధారణమైన పని. ఆ సంస్థకు తోడ్పడిన స్థానిక దాత నర్సాగౌడ్ మిషన్ సభ్యుడు కాడు. తెల్ల వైద్యురాలి దీక్ష, స్థానిక దాత సొమ్ము, పేరు తెలియని సేవకుల చేతులు కలిస్తేనే ఆ ఆసుపత్రి. మూడింటినీ ఒకే వాక్యంలో చెప్పడం నేర్చుకోవాలి.

7.7 డోర్నకల్: మరో నమూనా

మిషనరీ అంటే తెల్లవాడే కానక్కరలేదు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. తిరునల్వేలి భారతీయ మిషనరీ సంఘం 1903లో ఏర్పడింది. ఆ సంఘం తరఫున ఆయన డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఆయనకూ ఇది పరాయి భాష, పరాయి నేల. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు ముందు 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడుతూ విదేశీయుల త్యాగాన్ని గౌరవిస్తూనే తమకు కావలసింది స్నేహం అని సూటిగా చెప్పారు. దానం ఇచ్చేవాడు పైన ఉంటాడు, స్నేహితుడు పక్కన ఉంటాడు. ఆ మాటలోని విమర్శ అదే.

1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ ప్రధాన దేవాలయంలో ఈ దృష్టికి రాతిరూపం కనిపిస్తుంది. హిందూ మండపాల స్తంభాలు, ముస్లిం నిర్మాణాల గుమ్మటాలు, క్రైస్తవ ఆరాధనా స్థలం అందులో కలిశాయి. మెదక్‌తో పోల్చి చూడండి. మెదక్ కట్టడం దూరదేశపు రూపాన్ని ఇక్కడికి తెచ్చింది. డోర్నకల్ కట్టడం ఇక్కడి రూపాలతోనే కొత్త అర్థం చెప్పింది.

అయితే దీన్నిబట్టి డోర్నకల్ మంచిది, మెదక్ పరాయిది అని తీర్పు చెప్పడం తొందరపాటు. ఊరి గుడి గడప తొక్కనివ్వని కులంవాడికి మండపపు స్తంభం ఏం గుర్తు చేస్తుంది? తనను బయట నిలబెట్టిన చోటునే గుర్తు చేయవచ్చు. ఎవరి కులాన్నీ అడగని గోథిక్ కమాను కిందికి తలెత్తుకుని నడిచి వెళ్ళడంలో అతనికి స్వేచ్ఛ కనిపించి ఉండవచ్చు. దేశీయత అన్న విలువ కూడా ఎవరు నిర్ణయించారన్న ప్రశ్నకు లోబడినదే. విమర్శకుడు తన అభిరుచిని ప్రమాణంగా పెట్టుకునే ముందు ఆ గడప దగ్గర నిలబడినవాడి వైపు నుంచి చూడాలి.

7.8 నేటి ప్రాసంగికత

ఈ పాఠం గతానికే పరిమితం కాదు. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఏర్పడింది. మెట్ట పంటల మీద పనిచేయడానికి అనేక దేశాల శాస్త్రవేత్తలు వచ్చారు. 1975లో ఆ సంస్థ మొదలుపెట్టిన గ్రామ అధ్యయనాల్లో నాటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, డోకూరు కూడా ఉన్నాయి. అక్కడ కుటుంబాల వారీగా ఆదాయ వ్యయాలనూ, పంటల ఎంపికనూ ఏళ్ళ తరబడి నమోదు చేశారు. ఈ పద్ధతిలో ఒక మేలుంది. రైతు సహాయం పుచ్చుకునేవాడిగా కాక నిర్ణయం తీసుకునేవాడిగా కాగితం మీదికి వచ్చాడు. మిషనరీ నివేదికల్లో మనకు దొరకనిది ఈ పరిశీలనే.

మీ చుట్టూ ఉన్న పారిశ్రామికవాడల్లో సంస్థలు బడులకు గదులు కట్టిస్తాయి, ఊళ్ళకు మంచినీటి ట్యాంకులు ఇస్తాయి. వాటి మీద శిలాఫలకాలుంటాయి. దాత పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఊరివారు "లబ్ధిదారులు" అనే ఒక్క మాటలో ఉంటారు. స్థలం ఇచ్చినదెవరు, ఇటుకలు మోసిన వలస కూలీ ఏ రాష్ట్రం వాడు, ట్యాంకు కావాలని ఏ ఆడవాళ్ళు పంచాయతీలో పట్టుబట్టారు అన్నది ఫలకం మీద ఉండదు. మిషనరీ కథనాన్ని చదవడం నేర్చుకున్నవారు ఈ ఫలకాన్నీ చదవగలుగుతారు.

7.9 సారాంశం

మిషనరీ జీవిత కథనాలు విలువైన ఆధారాలు. అవి లేకపోతే 19వ శతాబ్దపు తెలుగు పల్లెల్లోని అట్టడుగు జీవితం గురించి మనకు తెలిసేది మరీ తక్కువ. అయితే వాటిలో కర్త స్థానం మిషనరీకే దక్కింది. పొగడ్తా, ఆరోపణా రెండూ ఆ స్థానాన్ని మార్చలేదు. పాస్నెట్, క్లౌ, ఇసబెల్ కెర్ వంటివారి శ్రమను గౌరవిస్తూనే, వారితో కలిసి నడిచినవారిని వాక్యంలోకి తీసుకురావడం విమర్శకుని బాధ్యత. పేరు దొరికిన చోట పేరు రాయాలి. దొరకని చోట కనీసం పనిని రాయాలి. మెదక్ చర్చికి 2024 డిసెంబర్ 25తో నూరేళ్ళు నిండాయి. రాయి చెక్కినవారి మనుమలు, మునిమనుమలు ఇంకా ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్నారు. వారిలో కొందరు ఈ పాఠం చదువుతున్న విద్యార్థులే కావచ్చు. ఇంట్లో పెద్దవారిని అడిగి వారు చెప్పింది రాసిపెట్టడం ఆలస్యం చేయకూడని పని.

7.10 మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. మిషనరీ జీవిత కథనంలో కనిపించే మూడు మెట్ల నిర్మాణాన్ని వివరించండి.
2. "కట్టాడు", "కట్టించాడు" అనే క్రియల మధ్య భేదం చరిత్ర రచనను ఎలా ప్రభావితం చేస్తుంది?
3. ఒంగోలు కరువు కాలపు బాప్తిస్మాలపై వచ్చిన ప్రశంసలోనూ ఆరోపణలోనూ ఉన్న సామాన్యాంశం ఏమిటి? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.
4. మెదక్, డోర్నకల్ దేవాలయాల నిర్మాణ శైలులను పోల్చి, దేశీయత అనే ప్రమాణాన్ని చర్చించండి.

అభ్యాసం: మీ ఊళ్ళో లేదా మీరు పనిచేసే చోట ఉన్న ఒక శిలాఫలకాన్ని ఎంచుకోండి. దానిమీద లేనివారెవరో విచారించి, ఆ వివరాలతో ఫలకాన్ని ఐదు వాక్యాల్లో తిరిగి రాయండి.